ఈత రాని ఊరికి పడవ టికెట్టు

మొన్న సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు మా అన్న కూతురు పడవ ఎక్కాలని పట్టుబట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఫోన్లో ఎవరిదో రీల్ చూసింది. సరే, పోదాం పా అని బండి తీశాను. మాది ధర్మవరం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఉన్న చెరువుల్లో అదొకటి. ఏదో చెప్పను. చెబితే ఆ ఒక్క చెరువు సంగతే అనుకుని మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు.

నా చిన్నప్పుడు ఆ కట్ట మీద కంపచెట్లు ఉండేవి. ఇప్పుడు ఇనప కమ్మీలు, రంగు దీపాలు, ఊరి పేరు పక్కన ఎర్రటి గుండె బొమ్మ, నీళ్ళలో రెండు హంస పడవలు. తలకింత అని టికెట్టు. పాపకు తొడిగిన లైఫ్ జాకెట్ చెవుల దాకా వచ్చింది. దాని బకిల్ విరిగిపోతే తాడుతో ముడేశారు. పది నిమిషాలు తొక్కాం. పాప వంగి నీళ్ళలో వేళ్ళు పెట్టబోయింది. ఒడ్డు మీంచి విజిల్. "ఏమ్మా, పాపను చెయ్యి బయట పెట్టనీయద్దు!"

పాప చెయ్యి లోపలికి లాక్కుని నా వైపు చూసింది. "అత్తా, ఇది మునిగిపోతే నువ్వు నన్ను పట్టుకోని ఈదుకుంటా పోతావు కదా?"

"ఆ" అన్నాను.

అబద్ధం. నాకు ఈత రాదు. వాళ్ళమ్మకూ రాదు. మా అమ్మకు రాదు. టికెట్లు చింపుతున్న ఆ పిల్లవాడికి వచ్చో లేదో నేను అడగలేదు.

ఆ పది నిమిషాల తర్వాత నాకొక్కటే అనిపించింది. ఆరువందల ఏళ్ళుగా చెరువు పక్కనే ఉన్నాం. నీళ్ళలో చెయ్యి పెట్టడానికి కూడా పర్మిషన్ లేని చోట కూర్చుని, దీన్ని అభివృద్ధి అంటున్నాం. ఈ వ్యాసం ఆ మాట మీద పోట్లాట.

*

ముందు ఎదుటివాళ్ళ మాట విందాం. అది చిన్న మాటేమీ కాదు.

"కరువు సీమ. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేదు. హిందూపురంలో బిందెల వరుసలు చూసిన కళ్ళివి. ఇప్పుడు హంద్రీ-నీవా పుణ్యమా అని శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు వచ్చాయి. చెరువుల్లోకి కూడా వస్తున్నాయి. జనం సాయంత్రం పూట కట్ట మీదికొచ్చి ఒక పడవ ఎక్కి నవ్వుకుంటే నీకేం నొప్పి? బెంగళూరులో కూర్చుని మా హంస పడవల మీద ఏడుస్తావా?"

ఈ మాట మా అన్నే అన్నాడు. నిజాయితీగా అన్నాడు. నీళ్ళు చూసి సంతోషపడే హక్కు మా ఊళ్ళకున్నంతగా ఇంకెవరికీ లేదు. నా కోపం ఆ సంతోషం మీద కాదు. దాన్ని పది నిమిషాలకు కుదించి, కమ్మీల వెనక పెట్టి, తిరిగి మనకే అమ్మడం మీద.

ఈ నమూనా ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలుసు. హైదరాబాద్ నుంచి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 16వ శతాబ్దంలో, ఊరి అవసరాల కోసం తవ్విన హుస్సేన్‌సాగర్ మన తరానికి ట్యాంక్‌బండ్ అయింది. చెరువు పేరు పోయి కట్ట పేరు మిగిలింది. నీళ్ళు ఎలా ఉన్నా సరే, కట్ట మీద నిలబడి చూస్తే చాలు. మిషన్ కాకతీయ రోజుల్లో తెలంగాణలో నియోజకవర్గానికో మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. ఇప్పుడు మా వైపు కూడా ప్రతి ఊరికీ ఒకటి కావాలి. ఎవరూ "మినీ హుస్సేన్‌సాగర్ కావాలి" అని అడగలేదు, గమనించండి. అడిగింది కట్టనే.

*

మా చెరువులు చూడ్డానికి తవ్వినవి కావు. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం చదవండి. కడప జిల్లాలో, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు. మంచి చెరువుకు ఏయే పన్నెండు అంగాలుండాలో, ఏయే ఆరు దోషాలుండకూడదో రాసి పెట్టారు. రెండేళ్ళ పాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని కూడా రాశారు. రాజు పేరుతో పాటు కూలీల లెక్క చెప్పిన శాసనం అది.

మా పెనుకొండ సంగతి ఇంకా ఆశ్చర్యం. హిందూపురం పక్కనే, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న గౌరిబిదనూరు ప్రాంతంలో 1388 నాటి శాసనం ఒకటుంది. హరిహర రాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండకు పెన్నేటి నీళ్ళు తేవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పని చేసింది సింగయభట్టు అనే జలసూత్రగాడు. అంటే ఈనాటి మాటలో నీటిపారుదల ఇంజనీరు. నదినుంచి సిరువెర చెరువు దాకా కాలవ తీశాడు. నీళ్ళే ప్రాణుల ప్రాణం, జనం సుఖంగా ఉండాలి అన్నది ఆ శాసనం చెప్పే కారణం. పక్క నదినుంచి పెనుకొండకు నీళ్ళు మళ్ళించడం 2010ల ఆలోచన అనుకునేవాళ్ళు సింగయభట్టుకు ఒక్కసారి దండం పెట్టాలి.

ధర్మవరం చెరువు మీద చిత్రావతి నీళ్ళు, క్రియాశక్తి ఒడయారు అనే పేరు, ఆయన తల్లి పేరు మీద ఊరికి పేరొచ్చిందనే కథ - ఇవన్నీ మేం వింటూ పెరిగాం. బుక్కపట్నం చెరువు, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం, అన్నీ ఆ వరసలోవే. పేర్లు చూడండి. సముద్రం, సాగరం. సముద్రం మొహం చూడని వాళ్ళు పెట్టుకున్న పేర్లు.

మరి పడవలు? ఉన్నాయి. ఇక్కడ పడవ కొత్తగా రాలేదు. హరిగోలు అన్నా పుట్టి అన్నా ఒకటే, వెదురు బద్దలతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పేస్ తుంగభద్ర మీద వీటిని చూసి రాసుకున్నాడు. బుట్టల్లాగా ఉంటాయి, పదిహేను ఇరవై మంది పడతారు, తెడ్డు వేస్తుంటే గిరగిరా తిరుగుతూ పోతాయి, తిన్నగా పోవు అని. ఐదువందల ఏళ్ళ తర్వాత కూడా అవి అలాగే తిరుగుతున్నాయి. తోలు పోయి ప్లాస్టిక్ సంచి పట్టా, తారు వచ్చాయి. గుడి కోనేట్లో తెప్పోత్సవం ఉండనే ఉంది. దేవుడు కూడా ఏడాదికోసారి పడవ ఎక్కుతాడు.

హరిగోలుకూ హంస పడవకూ తేడా ఎక్కడుంది? హరిగోలు చేపకోసం, వల కోసం, అవతలి గట్టు కోసం పోతుంది. దాన్ని తోలేవాడికి చెరువు లోతు తెలుసు, పాత బావి ఎక్కడ మునిగి ఉందో తెలుసు, తూము దగ్గర నీళ్ళు ఎలా లాగుతాయో తెలుసు. హంస పడవలో కూర్చున్న నాకు పెడల్ తప్ప ఏమీ తెలియదు. హరిగోలు తోలేవాడి తెలివిని పక్కన పెట్టి, ఏమీ తెలియని నన్ను నీళ్ళ మధ్యలోకి పంపడం పేరు టూరిజం.

*

ఇక్కడ స్వీడన్ సంగతి చెప్పాలి. చదువుకున్నప్పటి స్నేహితురాలు ఒకతి స్టాక్‌హోంలో ఉంటుంది. వాళ్ళ ఇంటికి దగ్గర్లో మేలారెన్ అనే పెద్ద సరస్సు. ఏడాది పొడుగునా దాని వీడియోలు పంపిస్తుంది. జూన్‌లో తెరచాప పడవలు, ఈతలు. అక్టోబరులో ఒడ్డు వెంట నడక. చలికాలంలో గడ్డకట్టిన అదే నీళ్ళ మీద స్కేటింగ్. ఆ సరస్సులో ఒక దీవి మీద బిర్కా అని వైకింగుల కాలం నాటి వర్తక పట్నం శిథిలాలున్నాయి. 8వ శతాబ్దం నుంచి అక్కడికి సరుకు పడవల మీద వచ్చింది. చలికాలంలో ఆ ప్రాంతంలో మంచే రోడ్డు.

నేను ఒకసారి కుళ్ళుకుని అన్నాను, "మీకేంలే, పన్నెండు నెలలూ నీళ్ళు" అని. తను నవ్వింది. "నాలుగు నెలలు నీళ్ళే ఉండవే, గడ్డకట్టి రాయి అవుతుంది" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. వాళ్ళ సరస్సు గడ్డకడుతుంది, మా చెరువు ఎండిపోతుంది. వాళ్ళు దాన్ని పాడైపోయిన సరస్సు అనుకోలేదు. గడ్డకట్టిన సరస్సుకు తగిన ఆట, తగిన చెప్పులు, తగిన జాగ్రత్త కనిపెట్టుకున్నారు. మంచు మీద పోయేవాళ్ళు మెడలో రెండు ఇనప మొలల్లాంటివి వేలాడదీసుకుంటారట. మంచు విరిగి నీళ్ళలో పడితే వాటిని గుచ్చి పైకి పాకడానికి. కొందరు ముందే కావాలని ఆ చన్నీళ్ళలో పడి, బయటికి రావడం సాధన చేస్తారట. మనమైతే "మంచు మీద నడవడం నిషేధం" అని బోర్డు పెట్టి ఇంటికి పోయి ఉండేవాళ్ళం.

నేను స్వీడన్‌ను పొగడ్డానికి ఇది చెప్పడం లేదు. డబ్బున్న చల్లటి దేశం, కోటి మంది జనం. పోలిక ఎక్కడ ఆగుతుందో నాకూ తెలుసు. కానీ మూడు సంగతులు డబ్బుతో సంబంధం లేనివి.

ఒకటి, అక్కడ ప్రకృతిలో తిరిగే హక్కు అందరిదీ. పాత ఆచారమది. 1994లో రాజ్యాంగంలో కూడా చేర్చారు. రెండు, 1975 నుంచి దేశమంతటా ఒడ్డుకు 100 మీటర్ల దాకా మామూలుగా కట్టడాలు కట్టకూడదు. కారణం ఏమిటంటే, ఒడ్డు మీద నడిచే మనిషికి దారి ఉండాలని, జీవాలకు చోటుండాలని. మూడు, బడిలో ఆరో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా, పిల్లాడూ 200 మీటర్లు ఈదాలి, అందులో 50 మీటర్లు వెల్లకిలా.

పడవ ఈ జాబితాలో లేదు. ముందు ఒడ్డు, తర్వాత ఈత, ఆ తర్వాత ఎవరికి ఇష్టమైతే వాళ్ళు పడవ. మనం ఈ వరసను తలకిందులు చేశాం.

*

మా చెరువుకు కూడా పన్నెండు నెలల జీవితం ఉండేది. దాన్ని ఎవరూ రిక్రియేషన్ అనలేదంతే.

వానలు పడి నిండితే మరవ పారుతుంది. మరవ పారిందంటే గంగపూజ. ఊరు ఊరంతా అక్కడే. మరవ కింద నిలబడి పిల్లకాయలు తడుస్తారు, ఎదురెక్కే చేపల్ని పంచెల్లో పడతారు. తర్వాత నీళ్ళు తూములోంచి మళ్ళకు పోతాయి. చెరువు రోజు రోజుకూ తగ్గుతుంది. తగ్గిన చోట పచ్చిక మొలుస్తుంది, గొర్రెలొస్తాయి. ఇంకా తగ్గితే ఒండ్రు బయటపడుతుంది. ఒండ్రు మట్టి బండ్లకెత్తుకుని చేలకు తోలతారు. ఎండాకాలం సెలవులకు ఆ చెరువు నేలంతా క్రికెట్టు. ఒకేసారి ఆరు మ్యాచులు జరిగేవి. ఎవరి బంతి ఎవరిదో తెలిసేది కాదు. చెరువు లోపల నిలబడి కట్టకేసి చూస్తే అది కోటగోడలాగా కనిపించేది.

చెరువంటే ఖాళీ కావడానికి నిండేది. ఖాళీ అయితేనే దాని పని జరిగినట్టు. హంస పడవకు మాత్రం నీళ్ళు కదలకూడదు. ఎప్పుడూ ఒకే మట్టంలో, ఫోటోకు సిద్ధంగా ఉండాలి. ఆయకట్టు రైతు తూము తెరవమంటాడు, పడవ కాంట్రాక్టు తీసుకున్నాయన మూయమంటాడు. ఎప్పటికైనా ఈ గొడవ రాకతప్పదు. వచ్చిననాడు ఎవరి మాట చెల్లుతుందో మీరే ఊహించండి.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. నీళ్ళుంటేనే చెరువు అని మనకు అలవాటు చేశాక, నీళ్ళు లేని రోజున అది ఉత్త ఖాళీ స్థలం. ఖాళీ స్థలం కనిపిస్తే మన ఊళ్ళలో ఏమవుతుందో చెప్పాలా? ముందు చెత్త ట్రాక్టర్లు, తర్వాత మట్టి, తర్వాత రాళ్ళు పాతి ప్లాట్లు. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్ల దాకా కట్టకూడదని బిల్డింగ్ రూల్సు ఉన్నాయి. చెరువులూ కుంటలూ ఊరి ఉమ్మడి ఆస్తి, వాటిని ఇళ్ళస్థలాలుగా పంచడానికి వీల్లేదని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాయితం మీద మనం స్వీడన్‌కు మరీ దూరంగా లేం. ఆ కాయితాన్ని నేల మీద నిలబెట్టేది ఎండాకాలంలో ఆ నేల మీద ఆడుకునే పిల్లలూ, మేపుకునే గొర్రెలూ, నడిచే మనుషులే. వాళ్ళను కమ్మీల బయట నిలబెట్టాక ఆ నేలకు కాపలా ఎవరు?

హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే ఊరుంది. ఏటా కొంగలొచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి పోతాయి. ఊరివాళ్ళు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లాగా చూసుకుంటారు. దీపావళికి టపాసులు కాల్చరు. చెరువుల్లో నీళ్ళూ చేపలూ లేని ఏడు ఆ కొంగలకు కష్టం. మా సీమలో అసలైన టూరిస్టులు అవే అంటాను నేను. వాటికి కట్ట మీద లైట్లు అక్కర్లేదు.

*

ఇప్పుడు నా సొంత గొడవ.

మా అన్న ఈత నేర్చుకున్నాడు. ఊరి బయట మోట బావిలో, నడుముకు బెండు కట్టుకుని. మా చిన్నాయన మెట్టు మీంచి నెట్టేవాడు. మునిగి, తాగి, తేలి, పది రోజుల్లో వచ్చేసింది. నేను ఆ బావి గట్టునే ఉన్నాను. నా పని ఏమిటంటే, "నువ్వు ఈడే కూచోని బట్టలు సూడు పాపా." రెండు ఎండాకాలాలు బట్టలు చూశాను. అన్నలు ఎలా చేతులు వేస్తున్నారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నీళ్ళలోకి మాత్రం దిగలేదు.

మన సాహిత్యంలో కూడా నాకు దొరికిన చోటు అంతే. మా జిల్లా చెరువు మీద తెలుగులో అందరికీ తెలిసిన కావ్యం కట్టమంచి రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణము'. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే నిలుస్తుందని వాక్కు వినిపిస్తుంది. ఆమె నడుచుకుంటూ వెళ్ళి గండిలో నిలబడుతుంది. ఊరు బతుకుతుంది. నూరేళ్ళు దాటింది, ఆ కావ్యాన్ని ఆధునిక కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా చెప్పుకుంటున్నాం. త్యాగం, కరుణ, అన్నీ నిజమే. కానీ ఒక్కసారి ఆడపిల్ల చోటునుంచి చూడండి. చెరువులోకి ఆమె దిగిన ఆ ఒక్కసారి చావడానికే దిగింది. ఆ తర్వాతి సీమ కథల్లో చెరువు కరువుకు గుర్తుగా ఎండింది, పల్లె జ్ఞాపకంగా నిండింది. నేను చదివిన వాటిలో ఒక ఆడపిల్ల ఊరికే, సంతోషం కోసం, ఆ నీళ్ళలో ఈదిన కథ నాకు గుర్తు రావడం లేదు. ఉంటే పంపండి, సంతోషంగా ఈ వాక్యం వెనక్కి తీసుకుంటాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. "ఒకప్పుడు చెరువు అందరిదీ" అని నేను పైన కొంచెం మురిసిపోయాను. అది సగమే నిజం. ఏ రేవులో ఎవరు దిగాలో, ఎవరి బిందె ఎవరి తర్వాతో కులమే చెప్పేది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగడం ఒక పోరాటం అయిందంటే, చెరువు అందరిదీ కాదు కాబట్టే. అందుకని నేను పాత రోజులు తిరిగి రావాలని అడగడం లేదు. అందరి చెరువు అనేది మన వెనక లేదు, ఇంకా ముందుంది. కులం కట్టిన కంచె పూర్తిగా పోకముందే దాని పక్కన టికెట్టు కంచె కడుతున్నాం. పాత కంచె బయట నిలబడిన వాళ్ళే కొత్త కంచె బయట కూడా ఎక్కువ మంది నిలబడి ఉన్నారు. కట్ట మీద సాయంత్రం పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది.

*

"సరే, మరి ప్రమాదాల సంగతి? పిల్లల్ని చెరువులోకి వదిలెయ్యమంటావా?"

లేదు. ప్రమాదాల గురించే మాట్లాడుతున్నాను.

2017 ఏప్రిల్‌లో మన అనంతపురం జిల్లాలోనే, గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో పుట్టి తిరగబడింది. శుభకార్యానికి వచ్చిన బంధువులు సరదాగా ఎక్కారు. పది మందికి పైగా పోయారు, పిల్లలతో సహా. అదే ఏడాది నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో పడవ మునిగి ఇరవై మందికి పైగా. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర దాదాపు యాభై మంది. దేశం మొత్తం మీద ఏటా ముప్ఫై వేల మందికి పైగా నీళ్ళలో మునిగి చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాలే చెబుతాయి. 2021 నవంబరులో చిత్రావతి పొంగితే వెల్దుర్తి దగ్గర వరదలో చిక్కుకున్న పది మందిని కాపాడడానికి హెలికాప్టరు రావలసి వచ్చింది. కరువు సీమలో!

ప్రతిసారీ మనం చేసేది ఒకటే. నాలుగు రోజులు లైఫ్ జాకెట్ల తనిఖీ, రెండు సస్పెన్షన్లు, "ఇచట ఈత కొట్టరాదు" అని ఒక బోర్డు. జాకెట్లు ఉండాల్సిందే, పడవకు పరిమితి ఉండాల్సిందే. అయితే ఆ బోర్డు ఎవర్ని కాపాడింది? నీళ్ళు లేని పదేళ్ళలో ఒక తరం ఈత మర్చిపోయింది. బావులు ఎండి బోర్లొచ్చాయి. బోరులో ఎవరూ ఈత నేర్చుకోలేరు. ఇప్పుడు హఠాత్తుగా చెరువులు నిండాయి. నీళ్ళంటే ఏమిటో ఒంటికి తెలియని పిల్లలు నిండు చెరువు పక్కన పెరుగుతున్నారు. మనం వాళ్ళకు ఇస్తున్నది పడవ టికెట్టు.

హుస్సేన్‌సాగర్‌నే తిట్టాను కాబట్టి అక్కడి మంచి కూడా చెప్పాలి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ సర్కారు బడుల పిల్లలకు అదే సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్పింది. పేదింటి ఆడపిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. అదే నీళ్ళు, అదే ఊరు. ఒక పడవలో పిల్ల ప్యాసింజరు, ఇంకో పడవలో పిల్లే సరంగు. నాకు కావలసింది ఆ రెండో పడవ.

*

కాబట్టి మా మూడు ఊళ్ళ తరఫున, ఎవరూ నన్ను అడగకపోయినా, నా కోరికలు రాస్తున్నాను.

హంస పడవకు పెట్టే డబ్బుతో ముందు నిస్సారమైన లోతులో, మెట్లతో, అందరికీ కనబడే చోట ఒక ఈత రేవు కట్టండి. ఐదో తరగతి లోపు ప్రతి పిల్లకూ ఈత నేర్పండి. ఆడపిల్లలకు ముందు, ఆడ టీచర్లతో. చేపలు పట్టే వాళ్ళల్లో చెరువు తెలిసిన మనుషులున్నారు. వాళ్ళకు జీతమిచ్చి ఆ రేవులో నిలబెట్టండి.

ఒడ్డుకు టికెట్టు వద్దు. పడవకు పెట్టుకోండి, ఒడ్డుకు వద్దు. చెరువు చుట్టూ నడిచే దారి ఉండాలి, అది ఎవరి ప్లాటులోంచీ పోకూడదు, ఎవరి ప్లాటూ దాని మీదికి రాకూడదు.

ఎండిన చెరువును కూడా చెరువుగా లెక్కపెట్టండి. ఆ నేల మీద క్రికెట్టుకు, గొర్రెలకు, ఒండ్రు బండ్లకు హక్కుందని రాసి పెట్టండి. నీళ్ళున్న నాలుగు నెలల్లో ఎంత చెరువో, లేని ఎనిమిది నెలల్లోనూ అంతే చెరువు.

ఇవి జరిగేదాకా నేను చేయగలిగింది ఒకటుంది. తిరిగొచ్చిన వారం బెంగళూరులో మా ఇంటి దగ్గర ఈత క్లాసులో చేరాను. నాతో పాటు నేర్చుకునే వాళ్ళలో నా తర్వాత పెద్దవాడికి పదకొండేళ్ళు. మొదటి రోజు నీళ్ళలో మొహం పెట్టడానికే అరగంట పట్టింది. ముప్ఫై ఏళ్ళ భయం అంత తొందరగా పోదు. ఇప్పుడు గోడ వదిలి వెల్లకిలా తేలగలను. పన్నెండు సెకన్లు. 200 మీటర్లు ఇంకా చాలా దూరం.

మొన్న మా అన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఎండాకాలం సెలవులకు పాపను నా దగ్గరికి పంపు, ఈత నేర్పిస్తాను అని. "దానికెందుకు పా ఈత, యాడ ఈదుతాది?" అన్నాడు.

చెరువులో, అన్నాను.